అర శ్రుతి

పెరంబూరులో, టైర్ల కొట్టు మీద మేడగది.
శనివారం పాఠం. మెట్ల మీద నేను,
ఒళ్ళో హెల్మెట్టు.

కదిరవన్ గొంతు ఈ నెలలోనే చీలింది.
తారషడ్జం దగ్గర కోడిపుంజు కూత ఒకటి,
చాపల మీద దొర్లిన నవ్వులు.
మా నిహిర కూడా నవ్వింది.
ఆ నవ్వు నాకు తెలుసు.

తర్వాతి వారం వాడు పెదవులే కదిపాడు.
టీచరు చెవిన పడలేదు గాని
పక్కన కూర్చున్న మా పిల్ల చెవిన పడింది
వాడు పాడకపోవడం.

"టీచర్, శ్రుతి అర తగ్గించరా? నాకు గొంతు నొప్పి."
అబద్ధం.
వచ్చేటప్పుడు దారంతా హారన్లను మించి పాడింది.

శ్రుతిపెట్టె బొంగురుగా దిగింది.
మంద్ర పంచమం దగ్గర మా పిల్లకి
స్వరం లేదు, ఉత్త ఊపిరి.
ఆ ఊపిరిని ఆనుకుని ఇంకో గొంతు,
గరుగ్గా, తడబడుతూ,
నిలబడింది.

స్కూటర్ మీద అడిగాను, ఎందుకే అని.
"వాడు మెట్లు దిగుతున్నాడు నాన్నా, చీకట్లో."
అంతే.

ఇంటికెళ్ళి తమ్ముడి క్రేయాన్ విరిచింది.
వాడు ఏడుస్తుంటే మాత్రం
తల వంచి కాసేపు విన్నది,
ఏ శ్రుతిలో ఏడుస్తున్నాడో
వెతుకుతున్నట్టు.