కారణం అనే గడి

సంతలో కుండని కొట్టి చూసి కొన్నట్టు
ఈ ఊరి అడుగున రాళ్ళని సుత్తితో తట్టి చూడటం నా ఉద్యోగం.
ఠంగుమంటే గట్టి. బొద్దుమంటే లోపల డొల్ల.
డొల్ల వినబడ్డ చోట నీలం సుద్దతో సున్నా చుడతాను,
ఫారంలో కొలత రాస్తాను.
కొలత పక్కన "కారణం" అని ఓ గడి ఉంటుంది.

రోచెస్టర్. జెనెసీ నది మీద రాతి వంతెన.
మొదట దీని మీద నడిచింది మనుషులు కాదు, నీళ్ళు.
నది మీదుగా కాలువ.
నీటి నెత్తిన నీటిని మోసిన కమానులివి.
పిండి బస్తాల పడవల్ని గట్టు మీంచి కంచరగాడిదలు లాగేవి.
తర్వాత కాలువని ఊరి బయటికి మళ్ళించారు.
ఊరి నడుమ పొడుగాటి ఎండు గుంట మిగిలింది,
దాని నిండా దోమలు, విరిగిన కుర్చీలు.
ఎవరికో తట్టింది:
సగం తవ్వి పెట్టిన సొరంగం కదా ఇది, పైన మూతేస్తే చాలు!
నీరు పల్లమెరుగు అంటాం.
ఇక్కడ నీరు వెతికి పెట్టిన పల్లాన్ని
రైలు దత్తు తీసుకుంది.

ఇరవై ఏడులో మొదలు. యాభై ఆరులో ఆఖరు.
మధ్యలో యూటికా ఊరు వద్దనుకున్న పాత పెట్టెలు తెచ్చి
రంగు వేసి నడిపారు.
తర్వాత అందరికీ కార్లొచ్చాయి.
ఏరు దాటి తెప్ప తగలేసినట్టు
తూర్పు సగాన్ని హైవే కింద కప్పేశారు.
సరుకు బండి మాత్రం ఇంకా నలభై ఏళ్ళు
ఈ చీకట్లోనే పత్రికాఫీసుకి కాగితం చుట్టలు మోసింది.
సబ్‌వే చచ్చిపోయిందన్న వార్తకి కూడా
కాగితం ఇక్కణ్ణించే వెళ్ళి ఉంటుంది.

కోర్ట్ స్ట్రీట్ గేటు దగ్గర ఫ్లాస్కుతో కూర్చునే
లొరెట్టా వైజనోవ్స్కీకి ఎనభై ఏళ్ళు.
వాళ్ళ నాన్న కాజిమిర్ ఈ బండి నడిపాడు.
ఆయన చొక్కా చేతులు ఎన్నిసార్లు ఉతికినా
బ్రేకు ఇనుము వాసన పోయేది కాదట.
ఆఖరి రాత్రి, శనివారం,
పనిముట్ల పెట్టె బోర్లించి దాని మీద కూర్చోబెట్టాడట పిల్లని.
జనం బల్బులు విప్పుకుంటున్నారు, పట్టుకునే తోలు పట్టీలు కోసుకుంటున్నారు.
ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు.
సిటీ హాల్ దాటాక, సరిగ్గా ఈ వంతెన మీద,
బండి ఆపేశాడు. దీపాలు ఆర్పేశాడు.
నాలుగు నిమిషాలు.
కోస్తున్న చేతులు ఆగిపోయాయి.
కింద నది వినబడింది,
ముప్ఫై ఏళ్ళుగా రోజూ దాని మీదే పోతూ
ఒక్కసారీ విననివాళ్ళకి.

ఎప్పుడూ ఆలస్యమెరగని మనిషి.
రోలండ్స్ చేరాక సూపర్వైజరు పుస్తకం ముందుకి తోశాడు.
ఆలస్యం: నాలుగు నిమిషాలు. కారణం:
అక్కడ కలం పెట్టాడు కానీ రాయలేదు.
ఒక చుక్క మాత్రం పడిందట సిరా.

పైకప్పు ఊడదీసి
మళ్ళీ ఇక్కడ నీళ్ళు నిలపాలని నగరంలో ఓ ఆలోచన నలుగుతోంది.
అందుకే నా సుత్తి. అందుకే ఈ సున్నాలు.
మధ్యాహ్నం లొరెట్టాకి హెల్మెట్ పెట్టి
నాలుగో కమాను దాకా నడిపించాను, రూలు కాకపోయినా.
గోడల నిండా రంగుల రాతలు, ఎవరి పేర్లో.
నా నెత్తి మీది లైటు ఆర్పమంది.
ఆర్పాను.

ఎంతసేపో చూసుకోలేదు.

"ఎందుకు ఆపాడంటారు?" అన్నాను, వెలిగించాక.
ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పుతూ
"ఏమో, బ్రేకు వేడెక్కిందేమో," అంది.
కాఫీ చల్లారిపోయిందని విసుక్కుంది.

నాలుగో కమాను, ఉత్తరపు రాయి, రెండు జానల డొల్ల.
కొలత రాశాను.
పక్క గడి మీద కలం కాసేపు ఆగింది.
వెనక నించి సహోద్యోగి కేక: "అయిందా?"
సుత్తి తీసుకుని
ఐదో దాని కిందికి జరిగాను.