కొస, కొసరు

రాత్రంతా ఆరుద్ర ముసురు పట్టి
తెల్లారంగ తెరిపిచ్చింది.
హన్మకొండ రైతుబజార్ల రేకుల అంచు నుంచి
నీళ్ళింకా కారుతున్నయి రేట్ల బోర్డు మీద.
టమాట ముందర సుద్దతో రాసిన ముప్పై ఎనిమిదిల
ఎనిమిది కడుక్కపోయింది,
మూడు మిగిలింది.
"కిలో మూడు రూపాయలేనటనే!" అని
సంచి ఊపుకుంట నవ్విండొకాయన.
పక్కన ట్రేలు దించుతున్న రైతు నవ్వలేదు.
నిరుడు ఆ ధర చూసినోడే ఆయన.

పుంటికూర కట్టలు, గంగవాయిల కూర,
తడి గోనెసంచి కింద ఊపిరి పీలుస్తున్న కోతిమీర,
బుడమకాయలు పోసుకున్న ముసలాయన
గిరాకి లేక వాటికే ముచ్చట చెప్తున్నడు.
అన్నీ దాటుకొని పోతే మూడో గద్దె మీద
గీసుగొండ తొలిబస్సుకొచ్చిన ఉప్పలమ్మ.
బెండకాయలు.

వంగిన. ఒకటి తీసి కొస విరిచిన.
టప్.
మా నాయిన నేర్పిన పరీక్ష ఇది,
విరిగితే లేత, వంగితే ముదురు.
ఇరవై రెండేండ్లు బడిల లెక్కలు చెప్పిన గని
ఇంత నికరమైన ప్రశ్న
ఒక్క పరీక్షల గూడ ఇయ్యలేకపోయిన.
టప్. టప్.
ఇంకోటి వంగింది, పక్కకేసిన.
టప్.

"ఆగు సారూ.
ఇరిగినయి నువ్వు కొంటవు, మంచిదే.
నీ ముందటామె ఇరిసి పారేసిపోయినయి చూడు
ఈ మూలకు.
మాపటికి ముక్కుల్లేని కాయలే మిగుల్తయి నాకు,
గంపెడు శూర్పణఖలు.
అగ్గువకిస్తనన్న ఎవ్వలు కొంటరు?"

ముదురు కాయలు కొండవోతే ఇంట్ల ఊకుంటరా
అని నేను.
సంజాయిషీ అడిగితే పిల్లలు చెప్పినట్టే చెప్పిన.

ఆమె చెయ్యి చాపింది.
బెండ నూగుకు పొక్కి, కొబ్బరినూనె రాసుకున్న వేళ్ళు,
బొటనవేలుకు పాత చీర పేలిక.
"రాత్రి మూడింటికి
సెల్లు లైటు పండ్ల సందున పట్టుకొని
ఒక్కొక్క కాయను ఈ వేలుతోటి సూసి తెంపిన.
ముదిరినయన్నీ చెట్టుకే ఇడిసిన, ఇత్తనానికి.
నువ్విప్పుడు సూసేది బెండకాయను గాదు సారూ,
నన్ను."

వాన మళ్ల మొదలయ్యేటట్టున్నది.
ఎవలో పట్టా లాగిన్లు, నీళ్ళు దబ్బున
ఉల్లిగడ్డల పక్కన పడ్డయి.
నాకేమనాల్నో తెలువక
నేను విరిచినయన్నీ ఏరిన, పదకొండు,
పక్కకేసిన ఒంగిందాన్ని గూడ కలిపి
కాంటాల పోసిన.
మిగతాయి చూడకుండ ఆమెనే పొయ్యమన్న.
చూడకుండ కొనుడు
నా జన్మల మొదటిసారి.
చేతులేం చేసుకోవాల్నో అర్థంగాలే.

ఎర్రంకెలు కిలో దాటి ఆగినయి.
ఆమె తియ్యలేదు.
పైనుంచి ఇంత కల్యామాకు రెబ్బ,
రెండు పచ్చిమిరపకాయలు సంచిల వేసింది.
కొస విరిచినోనికి కొసరెందుకమ్మా అంటే
"కొసరు నీకు గాదు, కూరకు" అన్నది.
పైసలు ఆమె మనుమడి ఫోనుకు పోయినయి,
పక్క గద్దె మీది డబ్బ ఏమో అరిసింది,
అది ఆమె పైసలు గాదు, ఆలుగడ్డలాయనయి.
"పోయినయా?" అన్నది.
"పోయినయి" అన్న.
నా ఫోను చూడలేదు. నా మొఖం చూసింది, అంతే.

ఇంట్ల సంచి గుమ్మరిచ్చి
"ముక్కుల్లేనియి గిన్ని తెచ్చినవేంది,
ఎవలిరిసిన్లు?" అని మా అరుంధతి.
"ఎవలో" అన్న.
అనుకుంటనే కొసరు మిరపకాయల తొడిమెలు,
అలవాటు చెయ్యి గదా,
టప్పున విరిచి
అదే చేత్తోటి కన్ను నలుపుకున్న.