రేవు రేట్లు

పోయిన ఎండకాలం
నా చిట్టీ పైసలు పదమూడు వేలు
సోమశిల రేవుల బోర్లపడి ఉన్న పడవకు ఇచ్చొచ్చిండు కుర్మన్న.
ట్రాక్టర్ మీద కొల్లాపూర్ గల్లీలన్ని తిరిగి
అడ్డమొచ్చిన కరెంటు తీగల్ని కట్టెతోని పైకెత్తించుకుంట
మా వాకిట్ల దిగింది.
అది దిగినకాడి నుంచి తలుపు సగమే తెరుసుకునేది.

మూడు రోజులు మాట్లాడలె నేను.
నాలుగో రోజు అడిగిన: నీళ్లేవి?
వస్తయి, అన్నడు
బస్సు గురించి చెప్పినట్టు.

బోరు మోటర్లు చుట్టే చేతులాయనవి.
ఆరు వందల ఫీట్ల కింద నీళ్లున్నయో లేవో
పైపుకు చెవి ఆనించి చెప్తడు.
నీళ్ల మీద తేలేదాని సంగతి మాత్రం తెల్వదు.
అందుకే రోజూ పొద్దుగూకంగ
ముసలి నాగన్నను బండెక్కించుకొచ్చి
కుర్చేసి కూసోబెట్టి తిట్టించుకునేటోడు.
మొలలు గట్ల పీకకురా, చెక్క ఏడుస్తది.
గుగ్గిలానికి సన్న మంట పెట్టు, పసిపిల్లకు పాలు కాంచినట్టు.
నా ఆముదం సీసా ఒడిసింది.
నా పాత పరుపు దూది ఒడిసింది.
సందుసందుల కుక్కి, గుగ్గిలం పోసి, పైన డాంబర్ పూస్తే
వారం రోజులు ఇల్లంత
కొత్త రోడ్డు వాసన.

పడవ కారుతదో లేదో చూడనీకి
పడవను నీళ్లల్ల పెట్టరంట,
నీళ్లను పడవల పెడతరంట.
నల్లా వచ్చిన రోజు నలభై రెండు బిందెలు మోసినం.
గల్లీ పిల్లలు అంగీలిప్పి దుంకిండ్రు.
నేనూ ఆయనా కింద ఎల్లెలకల పండుకొని
టార్చిలైటేసి చూసినం:
ఏడు చోట్ల చెక్కకు చెమట పట్టింది.
బొగ్గుతోని ఏడు సున్నాలు చుట్టినం.
పెండ్లయినంక ఇద్దరం ఒకటే దిక్కు చూసుకుంట
అంతసేపు పండుకున్నది అదే అనుకుంట.

రంగు గీకే పని నాది.
నీలం కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద ఎరుపు,
ఎరుపు కింద అక్షరాలు.
కొబ్బరి పీచుతోని మెల్లగ రుద్దిన.

మనిషికి రూపాయిన్నర.
సైకిలుకు రూపాయి.
మేకకు అర్ధ, పిల్ల తల్లితోని పాటే.
పెండ్లోల్లు మాట్లాడుకోవలె.
శవానికి ఉత్తగ. మోసేటోల్లకు ఉత్తగ.

నాగన్నకు సదువు రాదు, సదివి వినిపించిన.
కుర్చీలకెళ్లి లేసిండు.
ఆ కడ లైను మా అవ్వ రాపిచ్చింది, అన్నడు.
అంతకుముందు రేవుల శవానికి ఇద్దరి రేటుండె,
పండుకొని పోయేటోనికి ఇద్దరి జాగ పడ్తదని.
ఎవరికోసం రాపిచ్చిందో చెప్పలె. మేమడగలె.
ఆ పొద్దు తిట్లు లేవు.
గుగ్గిలం కొంచెం మాడింది కూడ.

ఇంజన్ మా తమ్మునిది,
పానగల్ల బాయి ఎండినప్పటి సంది మూలకున్నది.
నీళ్లు తోడనీకి కొన్నదాన్ని
నీళ్ల మీద ఉరికించనీకి తెచ్చినం.
హ్యాండిల్ తిప్పితే రెండుసార్లు దగ్గింది,
మూడోసారి అందుకున్నది.
రెక్క ఉత్త గాలిల తిరిగింది.
ఆరేసిన లుంగీలు తీగ మీదనే ఈతకొట్టినయి,
కోళ్లు గోడ దుంకినయి,
ఎదురింటి ఖాసింబీ పిండి చేతులతోనే బయటికొచ్చి
యాడికి పోతున్నరే, అన్నది.
ఆమెకు జవాబు చెప్పనీకి మాకు నోరు రాలె,
నవ్వొచ్చింది.

కొత్త రంగు ఇయ్యాల ఆరింది.
బ్రష్ నా చేతిల ఉన్నది.
మనిషికి ఎంత రాయమంటవయ్యా అంటే
ఇరవై అంటడు, కాదు ముప్పై అంటడు,
వంతెన లేస్తదంటున్నరు, అయినంక ఎవరెక్కుతరు అంటడు,
డీజిల్ ధర చూసొచ్చి చెప్తనని పోయిండు.

నేను కడ లైనుకెళ్లి మొదలుపెట్టిన.
'శ' జర వంకర వచ్చింది.