గిలకకు గడి లేదు

త్బిలిసీలో, సొలొలాకి కొండవాలున
ఒక ఇంటికి నేను నంబర్లు వేశాను.

చేతిలో నీలం సుద్ద, మెడలో టేపు,
చంకలో నగరపాలిక ముద్ర పడ్డ పదహారు పేజీల ఫారం.
మెట్ల పక్క ఇనుప తీగెలు: ఒకటి నుంచి ఇరవై రెండు.
వరండా కటకటాలు: ఇరవై మూడు నుంచి నూట తొంభై.
ఒక్కొక్క కటకటం నడుముకి ఒక్కొక్క అంకె,
పొలిమేర దాటించే ముందు
గొర్రెల్ని లెక్కపెట్టినట్టు.

ముందు గోడ ఉంటుంది, వెనక ఇల్లు ఉండదు.
అదీ ఒప్పందం.
ఇనుప ఊతాలు ఆనించి గోడని నిలబెడతారు,
దాని వెనక తొమ్మిదంతస్తులు లేస్తాయి.
కిటికీల్లోంచి కొన్నాళ్ళు ఆకాశం కనబడుతుంది,
ఆ తరవాత హోటలు దీపాలు.

ఇల్లు కట్టి చూడమన్నవాళ్ళున్నారు గాని
విప్పి చూడమన్నవాళ్ళు లేరు.
విప్పితే తెలుస్తుంది.
పగుళ్ళలో చలికి కుక్కిన పత్రికలు, మూడు లిపుల్లో.
ఆకుపచ్చ కింద గోధుమ, గోధుమ కింద
ఎవరి పెళ్ళికో వేసిన లేత నీలం.
ఒక వంటిల్లు మూడు కాపురాలైన చోట
చెక్క తడిక దిగ్గొట్టిన మేకులు,
వంకరగా, కోపంగా.

మూడో రోజు గులికో వచ్చి నా వెనక నిలబడింది.
ట్రాములు ఎత్తేసేదాకా ట్రాము నడిపిన మనిషి.
పట్టాలు పెకలించిన రోజు కూడా
యూనిఫాం వేసుకునే వెళ్ళిందట.

"దానికి నంబరెయ్యలేదేం?"

వరండా మూల స్తంభానికి ఒక గిలక.
తుప్పు పట్టినా తిరుగుతోంది.
దాని మీంచి తాడు పెరడు దాటి
ఎదురింటి అరమాయిస్ కిటికీదాకా పోయి వస్తోంది.
తాడు మీద రెండు దుప్పట్లు, ఒక చొక్కా.

ఫారం చూశాను.
చెక్కడం, పోతపని, రంగుటద్దాలు, గార.
గిలకకు గడి లేదు.
"ఇది ఇంటితో పుట్టింది కాదమ్మా, తరవాతెప్పుడో బిగించింది."
"నేనూ తరవాత వచ్చినదాన్నే" అంది.

చెప్పుకుంటూ పోయింది.
బట్టలే కాదట, ఉప్పు పొట్లం, జ్వరం మాత్రలు,
అరమాయిస్ తల్లి పోయిన వారమంతా
మూత పెట్టిన సూపు గిన్నె.
కరెంటు లేని ఆ చలికాలాల్లో
రెండిళ్ళకీ కలిపి ఒకటే కిరసనాయిలు దీపం.
గంట ఇటు, గంట అటు.
చీకట్లో పెరడు మీద వెలుగు
ఊగుతూ నడిచి వెళ్ళేదట,
ఒలక్కుండా.

ఎదురింటికి చెక్కడం లేదు.
ఏ పద్దులోనూ లేదు.
అది మొత్తంగా పోతుంది.

అప్పుడు నేనొక అబద్ధం రాశాను.
గిలక మీద సుద్దతో నూట తొంభై ఒకటి.
ఫారంలో, ఆ అంకె ఎదురుగా:
"గార పువ్వు, చిన్నది."

విప్పే రోజుకి గిలక కనబడలేదు.
నేను వెతకనూ లేదు.

నిరుడు హోటలు తెరిచారు.
కటకటాలన్నీ తిరిగి వచ్చాయి, వార్నిష్ మెరుపుతో,
ఏ పిల్లాడూ పేరు గీయనంత నున్నగా.
పనివాళ్ళు నిజాయితీపరులు,
జాబితా ప్రకారం పోయినదాన్ని పోయినట్టే చేసి పెట్టారు.
మూల స్తంభం మీద
తెల్లటి గార పువ్వు, చిన్నది.
ఐదు రేకులు.
దాని కింద నిలబడి ఫొటోలు దిగుతున్నారు.
పాతకాలం పనితనమంటే ఇదీ అని
గైడు చెయ్యెత్తి చూపిస్తున్నాడు.
ఆ పువ్వుకి తండ్రిని నేనని
ఎవరితో చెప్పుకోను?

మొన్న గులికో ఫోను చేసింది.
ఊరి చివర వర్కెతిలిలో, పన్నెండో అంతస్తులో ఉంటోంది.
ఎదుటి బ్లాకులో, అదే ఎత్తున,
ఎవరో ఒకావిడ రోజూ కిటికీ తీసి
దుప్పటి దులుపుతుందట.
పేరు తెలీదు.

"గిలక నా దగ్గరే ఉంది, నూనె పెట్టాను.
తాడెంత పడుతుందో తెలియటం లేదు.
నీ దగ్గర టేపుంది కదా,
ఒకసారి వచ్చి కొలిచి పో."