దోసిందా వేసిన ముడి

గలీసియా తీరం, లాషె రేవు,
ఉప్పుచేపల పాత గిడ్డంగిలో మా కుట్టుమిషన్లు మూడు.
ఒకటి నాది, ఒకటి ఇరియాది,
మూడోది ఎప్పుడూ రిపేరులోనే.
గోడమీద కంపెనీ పేరు సగమే రాశాం.
ముందు రంగు అయిపోయింది, తర్వాత డబ్బు.

మంగళవారాలు డైవర్లొస్తారు.
సముద్రం అడుగున దిక్కులేక పడున్న వలల్ని
తొట్టెలో గుమ్మరించి పోతారు.
పడవ వదిలేసినా పని మానని వలలవి.
ఎవరి కోసమో తెలీకుండానే పడుతూ ఉంటాయి
పీతని, ఆక్టోపస్‌ని, ఒకసారి ఒంటికాలి చెప్పుని.
మేం కోసి, కడిగి, గుళ్ళూ బెండ్లూ ఊడదీసి
బస్తాలకెత్తుతాం.
ఎక్కడో ఫ్యాక్టరీలో కరిగి, నూలై, బట్టై
ఆరునెలలకి చుట్టలు చుట్టుకుని
మళ్ళీ మా గుమ్మంలో దిగుతాయి.
ఈతదుస్తులు కత్తిరించడం నా వంతు.
అమ్మడం ఇరియా వంతు.
అప్పులవాళ్ళతో మాట్లాడటం
ఎవరు ముందు ఫోనెత్తితే వాళ్ళ వంతు.

ఇరియా వాళ్ళమ్మ దోసిందా
నలభై ఒక్క ఏళ్ళు వలలు బాగుచేసింది.
రేవుగట్టు మీద పొట్టి పీట, మోకాళ్ళ మీద గోనెపట్టా,
వానొస్తే నెత్తిన ఇంకో పట్టా.
మా దగ్గరికి ఎప్పుడో గాని రాదు.
వస్తే బట్టని వేళ్ళమధ్య నలిపి
"ఇంత ముక్కకి అంత ధరా?" అని వెళ్ళిపోతుంది.

ఆ మంగళవారం మాత్రం తొట్టె ముందు ఆగింది.
వంగింది.
పాచి గీకుతూ, వల కన్ను తర్వాత కన్ను
బియ్యంలో రాళ్ళేరినట్టు తడుముతూ పోయి
ఒకచోట బొటనవేలు నిలిపింది.
"ఇది నాది."

ఆకుపచ్చ వలలో అరచేతంత నీలం అతుకు.
"ఆకుపచ్చ దారం దొరకని ఏడు.
ముడి చూడు, ఎడమకి తిరుగుతుంది.
రేవు మొత్తానికీ ఎడమచేతి వాటం నాదొక్కదానిదే."

నేను ఊపిరి బిగబట్టాను.
సముద్రంలో పోయిన మనిషెవరో
ఇప్పుడు ఈ మాటల్లోంచి లేచొస్తాడనుకున్నాను.
దోసిందా ముక్కు చీదింది.
"ఫెర్మిన్ పడవది. మూడ్రోజులు కూర్చున్నా దీనికి.
ఇప్పటిదాకా పైసా ఇవ్వలేదు, వెధవ."

ఇరియా నవ్వీ నవ్వీ మిషన్ మీద వాలిపోయింది.
నవ్వాగాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
చుట్టూ వల పీలికలు పీలికలైంది.
అతుకు మాత్రం
కత్తెరకి కూడా ఒక పట్టాన లొంగలేదు.
కోయించుకుని, జేబులో పెట్టుకుంది,
ఫెర్మిన్‌కి చూపించాలట.

వెళ్ళబోతూ గోడమీది కొలతల పట్టీ చూసింది.
అయిదు సైజులు. వేలితో కిందిదాకా దిగి
"నేనిందులో లేనే" అంది.
"నువ్వు నీళ్ళలో దిగవు కదమ్మా."
"దిగుతావా అని అడిగారా?"

ఆ రాత్రి ఆరో గడి గీశాం.
బరువులు లాగీ లాగీ విచ్చుకున్న భుజాలు.
కూర్చునీ కూర్చునీ దిగిన నడుం.
ఎడమ దండ కుడిదానికన్నా వేలెడు లావు.
ఆ లెక్క నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

మేం అమ్మే ప్రతిదానికీ ఒక చీటీ కుడతాం.
ఎలాస్టిక్ కొత్తదే, కుట్టుదారం కొత్తదే,
ఉతికినప్పుడల్లా ఈ బట్ట కూడా
కంటికానని పోగుల్ని నీళ్ళలోకి వదుల్తుంది, అని.
దోసిందా కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది.
"ఇంత చిన్నక్షరాలేం?" అంది.
పెద్దవి చేశాం. ఆ నెల అమ్మకాలు కొంచెం తగ్గాయి.

సెప్టెంబరులో, ఊరింకా లేవకముందు
తువ్వాలు కప్పుకొచ్చింది.
చీలమండలు, మోకాళ్ళు, తొడలు...
ప్రతి మెట్టుకీ ఒక తిట్టు.
తర్వాత తిట్లు ఆగిపోయాయి.
నీళ్ళమీద తల ఒక్కటే, తెల్లటి బెండులా.

ఎంతసేపటికో ఒడ్డుకొచ్చింది, వణుకుతూ.
ఏమంటుందోనని తువ్వాలు పట్టుకుని నించున్నాను.
భుజం పట్టీ తిరగేసి, కుట్టు మీద బొటనవేలు పెట్టి
"ఇదెవరిది?" అంది.
"నాది" అన్నాను.
"లాగుతోంది. విప్పి మళ్ళీ వెయ్యి."