కోకనాడ, ఫెయిర్

లివర్‌పూల్‌లో, ఓల్డ్ హాల్ వీధి నేలమాళిగలో
దుమ్ము దులపడం, పేజీ తిప్పడం, ఫొటో తీయడం నా పని.
గంట లెక్కన జీతం.
ఎదురుగా 'మెర్సీ లెడ్జర్',
నూట పన్నెండేళ్ల కట్టలు.

మొదటి సంచిక ఒక్క కాగితం.
ఇటు ఓడల పేర్లు, అటు దూది ధర.
సంపాదకీయం లేదు, దేవుడు లేడు.
వాన మాత్రం ఉంది,
అదీ జార్జియాలో పడింది.

పోనుపోను లావెక్కింది.
యుద్ధాలొచ్చి ధరల కింద సర్దుకున్నాయి.
పోయినవాళ్లు చిన్న అక్షరాల్లో,
వాళ్లు విడిచిపోయింది ఎంతో పెద్ద అక్షరాల్లో.
యాభయ్యో ఏట తన గొప్ప తనే రాసుకుంది:
పొద్దున ఏడింటికి పేపరు దిగితే
ఏడున్నరకి బజారు నిండా టోపీలేనట,
పెన్నీలో వీసం తగ్గిందంటే
నలభై మైళ్ల అవతల ఓల్డమ్‌లో మగ్గాలు ఆగేవట.
వీసమెత్తు అని మనం నవ్వి వదిలేస్తామే,
ఆ వీసమే.

1891 కట్టలో, మార్చికీ ఏప్రిల్‌కీ మధ్య ఒక చీటీ.
కంపోజిటర్ ఎనోక్ థ్రెల్‌ఫాల్ ఫోర్‌మన్‌కి రాసుకున్నది.

"మంగళవారం రాత్రి ధర పేర్చింది నేనే అయ్యా.
సీసం అక్షరాలు తిరగేసి ఉన్నా చదవడం వచ్చు కదా,
ఎడిత్ మిల్లు మూతేనని అప్పుడే తెలిసింది.
ఆరు పెన్నీలకి తంతి పోయేది.
పేపరు కన్నా ముందు నోరు విప్పనని
మీకు ఒట్టేశాను, ఇవ్వలేదు.
మర్నాడు పొద్దున్నే నా చెల్లెలు
వాయిదాల మీద గోడ గడియారం కొంది.
ఆదివారం వెళ్లి మొహం చూపించాలి.
సోమవారం సెలవు కావాలి"

పక్కన ఎర్ర పెన్సిలుతో
ఒక కామా దిద్ది ఉంది.
సెలవు ఊసు లేదు.

చివరి సంచిక కూడా చూశాను.
ఆఖరి పేజీ అడుగున
'రేపటి ధరలు రేపు' అని, ఎప్పట్లాగే.

నాలుగయ్యేసరికి కళ్లు మంట.
మళ్లీ ఆ మార్చి పట్టికే తెరిచాను ఎందుకో.
అమెరికా, ఈజిప్టు, సూరత్... అన్నిటి కిందా
మా ఊరు.
కోకనాడ, ఫెయిర్: మూడు పెన్నీల తొమ్మిది వీసాలు.
అందులో రేవు లేదు, కాజా లేదు,
ఉప్పుగాలికి తుప్పు పట్టిన మా కిటికీ ఊచలు లేవు.
కాస్త ఎర్రజీర ఉన్న ఒక రకం దూది, అంతే.
ఆ ఎరుపుని 'రంగు లోపం' అన్నారు,
పెన్నీలో రెండు వీసాలు కోశారు.

ఫొటో అలికినట్టు వచ్చింది.
ఇంకోసారి తీశాను, ఆ ఒక్క వరసా దగ్గరగా.
నిమిషం పట్టింది.
జీతంలో కోసుకుంటే కోసుకోనీ,
వీసమెత్తు.