ఇరవై రెండు డిగ్రీలు

నవంబరు చివర ట్రోమ్సోలో సూర్యుడు సెలవు పెట్టి వెళ్తాడు.
చేపలు మంచులో, పడవ తాళ్ళు మంచులో,
కారు తాళం కన్నం కూడా మంచులో.
ఊరు మొత్తం మీద చలి తగలకూడని వస్తువులు
మా రక్తనిధి మూడో గదిలో ఉన్నాయి,
గడ్డిరంగు ప్లేట్‌లెట్ల సంచులు.

ఇరవై రెండు డిగ్రీల దగ్గర
అరల మీద రాత్రింబవళ్ళు అటూ ఇటూ ఊగుతుంటాయి.
ఊపు ఆగితే పాడు, చల్లబడితే పాడు.
చంటిపిల్లలు నయం.

ఆ వెచ్చదనంతోనే చిక్కు.
వాటికి హాయిగా ఉన్నచోట
పిలవని చుట్టానికీ హాయిగానే ఉంటుంది.
పాలు తోడుకోవడం ఎరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు,
ఒక్క చుక్క చాలు,
తెల్లారేసరికి గిన్నెంతా దానిదే.

అందుకే మోచేతి మడత మీద
ముప్పై అంకెలు లెక్కపెడుతూ రుద్దుతాను.
ఇంకో ముప్పై ఆరనిస్తాను.
ఊదను. మళ్ళీ వేలు పెట్టి నరం వెతకను.
సూది దిగాక వచ్చే తొలి గుక్కని
పక్క తిత్తిలోకి మళ్ళిస్తాను,
చర్మపు తునక కొట్టుకొస్తే అందులోనే పడి ఉండాలని.
లోకం చేతులు కడుక్కునేది వదిలించుకోవడానికి.
నేను కడుక్కునేది తగిలించుకోవడానికి.

"నీ రుద్దుడికి నా పచ్చబొట్టు చెరిగిపోతోంది సునివా"
అన్నాడు అస్లాక్, ఎప్పటిలాగే.
పడవ ఇంజన్ల మెకానిక్కు.
ఇది అరవై నాలుగోసారి ఇవ్వడం.

నమూనా సీసాలో పోసిన పద్నాలుగో గంటకి
యంత్రం కూసింది.
సంచి అప్పటికే పిల్లల వార్డుకి వెళ్ళింది.
ఫోన్లో గ్యెర్ట్రూద్, "గొట్టం చేతిలోనే ఉంది."
"దించెయ్."

పదకొండో మంచం, ఏడేళ్ళ ఎలీదా,
ముక్కులో దూది.
బూడో నుంచి ఇంకో సంచి రావాలి, బయట తుఫాను.
ఐదు గంటలు.
ఆ ఐదు గంటల గురించి ఇప్పటికీ మాట్లాడలేను.

సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాను.
ద్రాక్షగుత్తుల్లా కనబడితే చర్మం మీదివి కావచ్చు,
అంటే నా ముప్పైలో ఎక్కడో
ఇరవై ఆరు దగ్గర చెయ్యి ఆగిందన్నమాట.
కనబడినవి గొలుసులు.
చిన్న చిన్న గొలుసులు.
"పేగులో కాపురముండే రకం.
ఆ మనిషిని పిలిపించండి" అన్నారు డాక్టరు.
నిజం చెప్పొద్దూ, ముందు నాకు ఊపిరి ఆడింది.
ఆ తర్వాతే అస్లాక్ గుర్తొచ్చాడు.

ఏప్రిల్లో వచ్చాడు, కాస్త చిక్కి,
వార్తాపత్రికలో చుట్టిన ఎండుచేప పట్టుకుని.
రేగుపండంత గడ్డ, ముదరకముందే తీసేశారట.
ఇక ఇవ్వడానికి వీల్లేదట.
"నా సంచి ఎవరికెక్కింది?"
"ఎవరికీ లేదు. కాల్చేశాం."
చేపముక్క చాలాసేపు నమిలాడు.
"అరవై నాలుగు ఇచ్చాను," అన్నాడు,
"ఒక్కటి తిరిగొచ్చింది."
ఎలీదా పేరు నేను ఎత్తలేదు. ఎత్తకూడదు.

కుర్చీలో కొత్త పిల్ల, కాలేజీ విద్యార్థిని,
సూది వైపు చూడకుండా చెయ్యి చాచింది.
ఒకటి, రెండు...
ఆ రోజు ముప్పై ఐదు దాకా లెక్కపెట్టాను.